సబ్జెక్టులు కలిసే చోట కోర్సు కట్టడం ఎలా?

'నీరు' అనే అంశం మీద ఒక పాఠశాల వారం రోజులపాటు అన్ని సబ్జెక్టుల్లోనూ పాఠాలు పెట్టిందనుకుందాం. కెమిస్ట్రీ క్లాసులో నీటి అణువు నిర్మాణం చెబుతారు. లెక్కల క్లాసులో తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుందో కట్టిస్తారు. భాష క్లాసులో నది మీద పద్యం చదివిస్తారు. నాగరికతలు నదీ తీరాల్లో పుట్టాయని సోషల్ టీచరు గుర్తుచేస్తారు. చివరి రోజు చార్టులతో ప్రదర్శన ఉంటుంది. అందరూ కష్టపడ్డారు, పిల్లలు కూడా ఉత్సాహంగా గడిపారు. కానీ కెమిస్ట్రీ పాఠం విన్నందువల్ల పద్యం కొత్తగా అర్థమైందీ లేదు, లెక్క చేసినందువల్ల చరిత్ర మీద సందేహం పుట్టిందీ లేదు. వాటిలో ఏ ఒక్క క్లాసు తీసేసినా మిగతావాటికి ఏ లోటూ రాదు.

ఈ లోపం ఉపాధ్యాయుల శ్రద్ధలో లేదు, కోర్సును గీసిన తీరులో ఉంది. అంశాన్ని ఎంచుకుని దాని చుట్టూ సబ్జెక్టులను కూర్చోబెట్టారు తప్ప, ఒక సబ్జెక్టుకు ఇంకొకదాని అవసరం కల్పించలేదు. కాలేజీలో ఇదే లోపం మరో రూపంలో కనిపిస్తుంది. 'పర్యావరణం, సమాజం' లాంటి పేరుతో ఒక ఎలక్టివ్ పెట్టి, మూడు విభాగాల అధ్యాపకులకు తలా నాలుగు వారాలు పంచుతారు. ఎవరి స్లైడ్లు వాళ్లు చూపించి వెళ్లిపోతారు. ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ లంకె ఏమిటో తేల్చుకునే భారం మొత్తం విద్యార్థుల మీద పడుతుంది. ప్రశ్నపత్రం కూడా మూడు ముక్కలుగానే వస్తుంది.

విద్యార్థులే కలుపుకుంటారులే అనే నమ్మకం ఎంత బలహీనమైనదో చూపే ప్రయోగం ఒకటి ఉంది. 1980లో మేరీ గిక్, కీత్ హోలియోక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఒక వైద్య సమస్య ఇచ్చారు. రోగి కడుపులో కణితి ఉంది, ఆపరేషన్‌కు వీల్లేదు. కణితిని చంపేంత తీవ్రమైన కిరణం పంపితే దారిలో ఉన్న ఆరోగ్యకరమైన కణజాలం కూడా నాశనమవుతుంది. తీవ్రత తగ్గిస్తే కణితికి ఏమీ కాదు. ఏం చేయాలి? ఈ సమస్య ఇచ్చే ముందు వాళ్లతో ఒక కథ చదివించారు. కోటను ముట్టడించబోయిన సేనాపతికి దారుల్లో మందుపాతరలు ఉన్నాయని తెలుస్తుంది. పెద్ద సైన్యం నడిస్తే అవి పేలతాయి. అతను సైన్యాన్ని చిన్న దళాలుగా విడదీసి, అన్ని దారుల నుంచీ ఒకేసారి కోట దగ్గరికి చేరుస్తాడు. కణితి సమస్యకు జవాబు కూడా అదే: తక్కువ తీవ్రత ఉన్న కిరణాలను పలు దిక్కుల నుంచి ఒకే చోటికి పంపాలి. కథ చదివినవాళ్లలో కూడా ఎక్కువమందికి అది తట్టలేదు. ఇందాకటి కథ పనికొస్తుందేమో చూడండని ఒక్క మాట చెప్పాక మాత్రం ఎక్కువమంది జవాబు పట్టుకున్నారు.

నిమిషాల తేడాతో చదివిన రెండు విషయాలకే లంకె తట్టనప్పుడు, సోమవారం చరిత్ర క్లాసుకూ గురువారం స్టాటిస్టిక్స్ క్లాసుకూ దానంతటదే లంకె కుదురుతుందని ఆశించడం అత్యాశే. కలపడం అనేది కూడా నేర్పాల్సిన పని. దానికి టైంటేబుల్లో గంటలు ఉండాలి, అభ్యాసాలు ఉండాలి, మార్కులు ఉండాలి. ఇంటర్‌డిసిప్లినరీ కోర్సు, అంటే పలు సబ్జెక్టులను కలిపే కోర్సు రూపకల్పనలో మిగతాదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

అంశం కాదు, ప్రశ్న కావాలి

కోర్సు మొదలవ్వాల్సింది ప్రశ్న నుంచి. 'నగరం', 'ఆహారం', 'టెక్నాలజీ' లాంటివి అంశాలు. వాటి కింద ఏదైనా చేర్చవచ్చు, ఏదైనా తీసేయవచ్చు. మంచి ప్రశ్నకు ఆ సౌలభ్యం ఉండదు. ఒక సబ్జెక్టును పక్కన పెడితే జవాబు కుంటుపడాలి. విద్యార్థులు తమ చేతులతో ఎంతో కొంత పరీక్షించగలగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కడో ఒకచోట ఆ సబ్జెక్టుల మధ్య అభిప్రాయభేదం రావాలి. ఈ మూడోదాన్ని చాలామంది రూపకర్తలు కావాలనే తప్పిస్తారు, క్లాసులో గందరగోళం వస్తుందని. నిజానికి కోర్సులో నేర్చుకునేది ఎక్కువగా అక్కడే ఉంటుంది.

హైస్కూలు స్థాయికి సరిపోయే ఒక ప్రశ్న: సంగీతం కీబోర్డు మీద ఒక స్థాయికి (ఒక 'స' నుంచి పై 'స' దాకా) పన్నెండు మెట్లే ఎందుకున్నాయి, అవి నిజంగా శ్రుతిలో ఉన్నాయా?

పిల్లలు మొదట ఒంటి తీగ వాయిద్యం తయారుచేస్తారు. ఒక పలక, దాని మీద 60 సెంటీమీటర్ల పొడవున బిగించిన తీగ, తీగ కింద అటూ ఇటూ జరపడానికి ఒక చిన్న చెక్క ముక్క ఉంటే చాలు. 30 సెంటీమీటర్లు మాత్రమే మోగేలా ముక్కను పెట్టి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. 40 సెంటీమీటర్లు మోగితే పంచమం ('ప'), 45 మోగితే శుద్ధ మధ్యమం ('మ'). చెవికి ఇంపుగా కలిసిన జంటలన్నీ 2:1, 3:2, 4:3 లాంటి చిన్న అంకెల నిష్పత్తులుగా తేలతాయి. ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. ఫోనులో ట్యూనర్ యాప్ తెరిచాక కథ మారుతుంది. ముక్క లేనప్పుడు తీగ 220 హెర్ట్జ్ పలికితే, 40 సెంటీమీటర్ల దగ్గర 330 రావాలి. యాప్ మాత్రం అంతకన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. లెక్క తప్పా, కొలత తప్పా, యాప్ తప్పా? ముక్క తీగను పైకి ఎత్తుతోంది, దాంతో బిగువు పెరుగుతోంది, బిగువు పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుంది. ఫ్రెంచ్ పండితుడు మారిన్ మెర్సెన్ 1636లో ప్రచురించిన తీగల సూత్రాలు ఈ తగువు తీర్చడానికే క్లాసులోకి రావాలి. సూత్రం ముందు చెప్పి ప్రయోగం తర్వాత చేయిస్తే ఆ సూత్రానికి ఇంత పని ఉండదు.

తర్వాతి మెట్టు లెక్కలది. ఒక స్వరం నుంచి దాని పంచమానికి, అక్కడి నుంచి మళ్లీ దాని పంచమానికి, ఇలా పన్నెండు అడుగులు వేస్తే, ఏడు స్థాయిలు దాటి మొదటి స్వరానికే చేరినట్టు చెవికి అనిపిస్తుంది. 3/2ను పన్నెండుసార్లు గుణిస్తే దాదాపు 129.75 వస్తుంది. 2ను ఏడుసార్లు గుణిస్తే 128. రెండూ దగ్గర దగ్గరే కానీ ఒకటి కావు. ఎన్ని అడుగులు వేసినా ఒకటి కాలేవు కూడా, ఎందుకంటే 3ను ఎన్నిసార్లు గుణించినా బేసి సంఖ్యే వస్తుంది, 2ను గుణిస్తే సరి సంఖ్యే వస్తుంది. బేసి, సరి సంఖ్యల తేడా చిన్న క్లాసుల్లోనే చెబుతారు. దానివల్ల స్వరాలు స్థిరంగా ఉండే ప్రతి కీబోర్డూ ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదన్నది మాత్రం ఏ ఒక్క సబ్జెక్టు పుస్తకంలోనూ మామూలుగా కనిపించదు.

ఆ రాజీ ఎలా కుదిరిందన్నది చరిత్ర. స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా విడగొట్టాలంటే 2కు పన్నెండో మూలం కావాలి. అది దాదాపు 1.0595. దాన్ని 16వ శతాబ్దం చివర్లో చైనాలో మింగ్ వంశపు రాజకుమారుడు ఝు జాయియు లెక్కగట్టాడు. కొద్ది కాలానికే నెదర్లాండ్స్‌లో సైమన్ స్టెవిన్ అదే దారిలో ఆలోచించాడు. ఈ పద్ధతిలో పంచమం 1.5 కాదు, 1.4983. లెక్క ముందే తెలిసినా ఆ శ్రుతి పద్ధతి యూరప్ అంతటా స్థిరపడటానికి శతాబ్దాలు ఎందుకు పట్టింది? దీనికి గణితం జవాబు చెప్పలేదు. వాయిద్యాలు చేసేవాళ్లు, వాయించేవాళ్లు, వినేవాళ్ల అలవాట్లు ఇందులోకి వస్తాయి.

అభిప్రాయభేదం వచ్చేది చివరి వారంలో. చిన్న నిష్పత్తులు ఇంపుగా ఉండటం ప్రకృతి నియమమా, అలవాటా? బొలీవియా అమెజాన్ ప్రాంతంలో ఉండే త్సిమానే ప్రజల మీద చేసిన అధ్యయనం ఒకటి 2016లో 'నేచర్' పత్రికలో వచ్చింది. పాశ్చాత్య శ్రోతలు ఇంపైనవిగా, కర్ణకఠోరంగా విడదీసే స్వరాల కలయికలు రెండింటినీ త్సిమానే శ్రోతలు ఒకే తీరుగా ఇష్టపడ్డారని అందులో తేలింది. నాలుగు వారాలు నిష్పత్తులతో గడిపిన విద్యార్థికి ఇది నిజమైన దెబ్బ. ఫిజిక్స్ టీచరు, సంగీతం టీచరు ఇక్కడ ఒకే జవాబు చెప్పకపోవచ్చు. చెప్పకపోతేనే మేలు.

ఈ కోర్సులో సంగీతం మీద కవితలు లేవు, స్వరకర్తల జీవిత చరిత్రలు లేవు. అవి తక్కువవని కాదు, ఈ ప్రశ్నకు అవి అవసరం లేదు. చేర్చడం తేలిక కాబట్టి చేర్చిన సబ్జెక్టు కోర్సును పలచన చేస్తుంది.

కాలేజీలో బరువు పెరగాలి

డిగ్రీ స్థాయిలో ఒక్కో సబ్జెక్టుకు తనదైన పద్ధతి, తనదైన రుజువు ప్రమాణం ఉంటాయి. కోర్సు వాటిని ఢీకొట్టించగలగాలి. 1854లో లండన్ సోహో ప్రాంతంలో వచ్చిన కలరా దీనికి బాగా పనికొస్తుంది. డాక్టర్ జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ మరణాలను మ్యాపు మీద గుర్తించి, నీటి వల్లే రోగం వస్తోందని నిరూపించి, పంపు హ్యాండిల్ తీయించి నగరాన్ని కాపాడాడన్నది అందరూ చెప్పుకునే కథ. ఆ కథను విడదీయడమే కోర్సు పని.

హ్యాండిల్ తీసింది సెప్టెంబరు 8న. అప్పటికే మరణాలు బాగా తగ్గుముఖం పట్టాయి, ఆ సంగతి స్నో స్వయంగా ఒప్పుకున్నాడు. మరి ఆ చర్య పనిచేసిందని చెప్పవచ్చా? స్టాటిస్టిక్స్ విద్యార్థి చెప్పలేమంటాడు. ప్రజారోగ్యం చదివే విద్యార్థి, సందేహం తీరేదాకా ఆగితే ఎంతమంది పోయేవారని అడుగుతాడు. ప్రభుత్వ గణాంకాలు చూసే విలియం ఫార్ దగ్గర ఇంకో బలమైన డేటా ఉంది: థేమ్స్ నది మట్టం నుంచి ఎత్తు పెరిగేకొద్దీ కలరా మరణాలు తగ్గుతున్నాయి. రోగాలు చెడు గాలి వల్ల వస్తాయన్న అప్పటి సిద్ధాంతానికి ఇది చక్కగా సరిపోయింది. పల్లపు ప్రాంతాలకే మురికి నీరు సరఫరా అవుతోందన్న సంగతి ఆ లెక్కలో మరుగున పడింది. మంచి డేటా తప్పుడు సిద్ధాంతాన్ని ఎలా నిలబెడుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఫార్ మూర్ఖుడు కాడు. అప్పటి జ్ఞానంతో అతని తర్కం సబబుగానే ఉంది. ఆ సంగతి అర్థం చేయించేది చరిత్ర శాస్త్రం.

ఇక దక్షిణ లండన్లో రెండు నీటి కంపెనీల లెక్క ఉంది. లాంబెత్ కంపెనీ 1852లో నీరు తోడే చోటును నది ఎగువకు మార్చింది. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మార్చలేదు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు వేర్వేరు కంపెనీల నీరు వచ్చేది. ప్రతి 10,000 ఇళ్లకు మరణాలు సౌత్‌వార్క్ నీరు తాగినచోట 315, లాంబెత్ నీరు తాగినచోట 37. మ్యాపు కన్నా ఈ పట్టిక చాలా బలమైన సాక్ష్యం, అయినా జనం గుర్తుపెట్టుకున్నది మ్యాపునే. ఎందుకన్నది కమ్యూనికేషన్ చదివేవాళ్లకు అప్పగించవచ్చు. స్థానిక చర్చి మతగురువు హెన్రీ వైట్‌హెడ్ మొదట స్నోను నమ్మక, ఖండించడానికే ఇల్లిల్లూ తిరిగి, చివరికి ఆ పంపు నీరు పాడవడానికి మూలమైన పక్కింటి పసిపాప జబ్బును బయటపెట్టి స్నోనే బలపరిచాడు. ఇంటింటి విచారణ అనే పద్ధతిని చెప్పడానికి ఆ ఒక్క ఘట్టం చాలు. ఒక సెమిస్టర్ మొత్తం ఈ ఒక్క సంఘటన మీద నడిపినా సరుకు మిగిలిపోతుంది.

సబ్జెక్టులను కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో కొలంబియా యూనివర్సిటీ సమకాలీన నాగరికత మీద ఉమ్మడి కోర్సు మొదలుపెట్టింది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్య కళాశాల, విడివిడి లెక్చర్లకు బదులు రోగి సమస్య నుంచే చదువు మొదలయ్యే పద్ధతిని తెచ్చింది. ఫిన్లాండ్ సంగతి ఎక్కువగా తప్పుగా ప్రచారమైంది. ఆ దేశం సబ్జెక్టులనే రద్దు చేసిందని విదేశీ పత్రికలు రాశాయి. వాస్తవానికి 2016లో అమల్లోకి వచ్చిన పాఠ్య ప్రణాళిక, ప్రతి విద్యార్థికి ఏడాదికి కనీసం ఒక బహుళ విషయ యూనిట్ ఉండాలని మాత్రమే చెప్పింది. సబ్జెక్టులు అలాగే ఉన్నాయి. ఆ నిర్ణయంలో వివేకం ఉంది. కలపడానికి ముందు కలపదగినంత జ్ఞానం ఒక్కోదానిలో ఉండాలి.

హైస్కూలుకూ కాలేజీకీ తేడా పాటించాల్సింది ఇక్కడే. పద్నాలుగేళ్ల పిల్లలకు ఏ సబ్జెక్టూ ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. వాళ్లకు రెండు సబ్జెక్టులు, ఒక ప్రశ్న, నాలుగు నుంచి ఆరు వారాలు చాలు. కావాల్సిన ప్రాథమిక విషయం ఆ యూనిట్లోనే నేర్పాలి. డిగ్రీ మూడో సంవత్సరంలో మాత్రం వేర్వేరు విభాగాల విద్యార్థులను కావాలని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఒక చరిత్ర విద్యార్థి పాత రికార్డును ఎంతవరకు నమ్మాలో స్టాటిస్టిక్స్ విద్యార్థికి వివరించాల్సి వచ్చినప్పుడు తన సబ్జెక్టు తనకే కొత్తగా అర్థమవుతుంది.

ఇద్దరు టీచర్లు, ఒకే గది

కాగితం మీద బాగున్న కోర్సులు అమలులో కూలేది ఎక్కువగా పనిభారం లెక్క దగ్గర. ఇద్దరు అధ్యాపకులు కలిసి చెప్పే కోర్సును చెరి సగం పనిగా లెక్కగడితే, ఇద్దరూ చెరి సగం రోజులే వస్తారు. అంతటితో అది మళ్లీ పక్కపక్క పాఠాల కోర్సు అయిపోతుంది. ఇద్దరూ అన్ని క్లాసుల్లో కూర్చోవాలి, ఇద్దరికీ పూర్తి కోర్సు చెప్పినట్టు లెక్క వేయాలి. ఖర్చు ఎక్కువే. అది భరించలేనప్పుడు మొత్తం సెమిస్టర్ కాకుండా మూడు వారాలే ఉమ్మడిగా నడపడం నయం, ఆ మూడు వారాలైనా ఇద్దరూ ఉంటారు.

సహాధ్యాపకుడి పాఠంలో చెయ్యెత్తి 'ఇది నాకు అర్థం కాలేదు' అని అడగగలిగిన ప్రొఫెసర్ వల్ల విద్యార్థులకు కలిగే మేలు ఏ స్లైడూ చేయలేదు. తెలియని రంగంలోకి ఎలా అడుగుపెట్టాలో, ఏ ప్రశ్న ముందు అడగాలో వాళ్లు కళ్లారా చూస్తారు. ఇందుకు అధ్యాపకుల మధ్య నమ్మకం కావాలి, అది వేసవి సెలవుల్లో కలిసి కూర్చుని పాఠాలు తయారుచేసుకున్నప్పుడే కుదురుతుంది. వర్చువల్ రియాలిటీ పరికరాలు కొని దాన్నే వినూత్న కోర్సు అనే చోట, ఆ డబ్బులో కొంత ఈ తయారీ సమయానికి ఇస్తే ఫలితం చాలా ఎక్కువ.

విద్యార్థుల గ్రూపు పనిలో ఒక ప్రమాదం ఉంది. లెక్కలు వచ్చిన పిల్ల లెక్కలు చేస్తుంది, బొమ్మలు వేసేవాడు చార్టు వేస్తాడు, ఎవరికి వచ్చింది వాళ్లు చేసి అతికిస్తారు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 1971లో ఎలియట్ ఆరన్సన్ బృందం మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతిని ఇక్కడ కొద్దిగా మార్చి వాడవచ్చు. ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరు నేర్చుకుని, తిరిగి తమ గ్రూపుకు నేర్పుతారు. తర్వాత ప్రశ్న అడగాల్సింది ఆ భాగం నేర్చుకున్న విద్యార్థిని కాదు, విన్న విద్యార్థిని.

మార్కుల సంగతి

ఏం నేర్చుకున్నారో తెలియడానికి ఏ రుజువు కావాలన్నది పాఠాల జాబితా కన్నా ముందే రాసుకోవాలి. హార్వర్డ్‌లోని ప్రాజెక్ట్ జీరో అనే విద్యా పరిశోధన కేంద్రంలో పరిశోధకురాలు వెరోనికా బోయిక్స్ మాన్సిల్లా ఇలాంటి పనిని అంచనా వేయడానికి సూచించిన కొలమానాల్లో మూడు ప్రధానమైనవి. వాడిన ఒక్కో సబ్జెక్టు ఆ రంగంవాళ్లు ఒప్పుకునేంత సరిగా ఉందా? కలపడం వల్ల, విడిగా రాని అవగాహన ఏదైనా వచ్చిందా? ఏ సబ్జెక్టు ఎక్కడిదాకా పనికొచ్చిందో విద్యార్థికి తెలుసా? రెండోదానికి మార్కులు ఇవ్వడమే కష్టం, అందుకే ఎక్కువ రూబ్రిక్‌లలో (మార్కులు వేసే ప్రమాణాల పట్టికల్లో) దాని చోట 'సృజనాత్మకత' అనే పదం చేరి కూర్చుంటుంది. ఆ పదాన్ని తీసేసి, 'ఒక సబ్జెక్టు నుంచి తెచ్చిన ఏ విషయం రెండో సబ్జెక్టులోని మీ అభిప్రాయాన్ని మార్చింది, ఎలా?' అని నేరుగా అడగాలి. తీగ వాయిద్యం కోర్సులో ఒక విద్యార్థి ఇలా రాయవచ్చు: 'మొదట నా చెవి తప్పు వింటోందనుకున్నాను, 129.75కూ 128కూ ఉన్న తేడా చూశాక కీబోర్డే సర్దుకుందని తెలిసింది.' ఆ ఒక్క వాక్యానికి పది పేజీల ప్రాజెక్టు రిపోర్టు కన్నా ఎక్కువ మార్కులు రావాలి. ఏఐ టూల్ నిమిషంలో వ్యాసం రాసిచ్చే కాలంలో, పది నిమిషాల మౌఖిక పరీక్షను కూడా దీనికి జోడించక తప్పదు.

మొదటిసారే పెద్దగా మొదలుపెట్టకపోవడం మంచిది. అమెరికాలోని ఓలిన్ ఇంజనీరింగ్ కాలేజీ, రెగ్యులర్ తరగతులు మొదలవ్వకముందు 2001–02లో 30 మంది విద్యార్థులను భాగస్వాములుగా పిలిచి, వాళ్లతో కలిసి పాఠ్యప్రణాళికను పరీక్షించింది. ప్రతి సంస్థకూ ఏడాది సమయం దొరకదు. ఒక సెక్షన్, ఒక యూనిట్, ప్రతి వారం చివర రెండు ప్రశ్నల ఫీడ్‌బ్యాక్ అయినా పెట్టుకోవచ్చు: ఈ వారం ఏ రెండు క్లాసులకు లంకె కనిపించింది, ఎక్కడ తెగిపోయింది? తెగిందని ఎక్కువమంది రాసిన వారాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రశ్నకు అవసరం లేకున్నా చేర్చిన సబ్జెక్టు ఏదో బయటపడుతుంది. రెండోసారి కోర్సు నడిపేటప్పుడు ముందుగా తీయాల్సింది దాన్నే. అలా ఖాళీ అయిన గంటలను ఇంకో సబ్జెక్టుతో నింపకుండా, ఉన్న రెండింటి మధ్య తగువు తేల్చుకోవడానికి వదిలేయాలి.